సుగంధి పానీయానికి మూలమైన మొక్క: ఉత్తరాంధ్రలో గుర్తింపు, వేరు సేకరణ, సాగు

వేసవిలో శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల సోడా బండ్లపై నిమ్మసోడా పక్కనే సుగంధి సోడా కనిపిస్తుంది. నిమ్మరసం ఏ చెట్టు కాయదో త్రాగేవారందరికీ తెలుసు. సుగంధి మాత్రం చాలామందికి ఒక రుచి పేరుగానే మిగిలిపోయింది. ఆ గోధుమరంగు పాకంలో ఉన్నది వేరు సారమా, కృత్రిమ సువాసన ద్రవ్యమా అన్నది సీసాపై చీటీ చదివితే గాని తేలదు.

సుగంధిపాల శాస్త్రీయ నామం హెమిడెస్మస్ ఇండికస్. సంస్కృతంలో శారిబ, అనంతమూలం. ఇది సన్నగా అల్లుకొనే తీగ. పొలంగట్లపై, పొదల నడుమ, తూర్పు కనుమల పాదాలలో సహజంగా పెరుగుతుంది. ఆకులు ఎదురెదురుగా ఉంటాయి. పలు మొక్కలలో ఆకు మధ్య ఈనె వెంట తెల్లని చార కనిపిస్తుంది. తుంచితే పాలు కారతాయి. కాయలు జంటగా సన్నగా వచ్చి, ఎండి పగిలినప్పుడు దూదివంటి కుచ్చుతో గింజలు గాలికి ఎగిరిపోతాయి. రుచికి మూలమైన వేరు మాత్రం పెన్సిల్ లావుకు మించడం అరుదు.

క్షేత్రస్థాయిలో తొలి చిక్కు పేర్లతోనే. రాయలసీమలో ప్రసిద్ధమైన నన్నారి షర్బత్‌కు ఎక్కువగా వాడేది మరొక మొక్క, డెకాలెపిస్ హామిల్టోని. శేషాచలం, నల్లమల ప్రాంతాలలో లభించే ఈ మొక్కకు కండగల లావుపాటి వేళ్లు ఉంటాయి. వీటిని మారేడు గడ్డలు అంటారు. బిల్వ వృక్షమైన మారేడుతో వీటికి ఏ సంబంధమూ లేదు. సుగంధిపాలను కూడా చాలాచోట్ల నన్నారి అనే పిలుస్తారు. కాబట్టి రాయలసీమ సాగు అనుభవాన్ని సీతంపేట కొండలకు యథాతథంగా చెప్పే ముందు ఏ నన్నారి గురించి మాట్లాడుతున్నామో నిర్ధారించుకోవాలి. ఇక నల్లతీగ చూపుకు సుగంధిపాలను పోలి ఉంటుంది, కాని దాని వేరుకు ఈ పరిమళం లేదు. వేరు బెరడును గీరి వాసన చూడడమే క్షేత్రంలో అన్నిటికన్నా సులువైన పరీక్ష.

పాశ్చాత్య దేశాలలోనూ ఇదే గందరగోళం నడిచింది. అక్కడి సార్సపరిల్లా స్మైలాక్స్ ప్రజాతికి చెందినది, ఏకదళబీజపు తీగ. దానికి బదులుగా వాడదగినదని సుగంధిపాలను 19వ శతాబ్దంలో బ్రిటిష్ ఫార్మకోపియాలో చేర్చారు. 'భారతీయ సార్సపరిల్లా' అన్న పేరు అలా స్థిరపడింది గాని రెండింటికీ వృక్షశాస్త్రపరమైన బంధుత్వం లేదు. అమెరికాలో రూట్ బీర్‌కు సువాసననిచ్చిన సాసాఫ్రాస్ మరొక వృక్షం. అందులోని సాఫ్రోల్‌ను ఆహారంలో వాడరాదని అక్కడి ప్రభుత్వం 1960లో నిషేధించింది.

సుగంధిపాలలోనూ మారేడు గడ్డలలోనూ పరిమళానికి ప్రధాన కారణం 2-హైడ్రాక్సీ-4-మిథాక్సీ బెంజాల్డిహైడ్. వెనిలిన్‌కూ దీనికీ అణుసూత్రం ఒక్కటే, అమరిక వేరు. నాలుకకు తోచే వెనిలా పోలికకు అదే ఆధారం. ఈ పదార్థం నీటి ఆవిరితో పాటు లేచిపోతుంది. కనుక మూతలేని పాత్రలో వేరును గంటల తరబడి మరిగిస్తే రంగు మిగులుతుంది, వాసన పోతుంది. బెరడును దంచి, మరిగిన నీరు పోసి, మూతపెట్టి నానబెట్టి వడకట్టడం మేలైన పద్ధతి. వేళ్లను నీడలో ఆరబెట్టాలి. పొడిచేసి నిలువ ఉంచితే పరిమళం త్వరగా తగ్గుతుంది. నిలువ పాకంలో కరిగిన ఘనపదార్థాలు 65 శాతానికి తగ్గకూడదు.

మారేడు, చింత, తాటి పానీయాలకు పండో కాయో చాలు, చెట్టు నిలిచే ఉంటుంది. సుగంధికి వేరే కావాలి. తీగను పెకలించినచోట మరుసటి ఏడు తవ్వడానికి ఏమీ ఉండదు. గిరిజన సహకార సంస్థ, 1956 నుండి, అటవీ ఫలసాయాన్ని సేకరించి విక్రయిస్తున్నది. దాని ఉత్పత్తులలో నన్నారి షర్బత్ కూడా ఒకటి. గిరాకీ పెంచే ప్రతి ప్రయత్నమూ సాగు లేనిచోట అడవిపైనే భారం మోపుతుంది. పార్వతీపురం, సీతంపేట సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థల పరిధిలో విలువ జోడింపు శిక్షణ కన్నా ముందు నారుమడి రావాలి.

సాగు కష్టమైనది కాదు. గింజలు, కాండపు ముక్కలు, వేరు ముక్కలు మూడింటితోనూ ప్రవర్ధనం సాధ్యమే. అయితే దిగుబడికి రెండు, రెండున్నర సంవత్సరాలు ఆగాలి. చిన్న కమతాల రైతుకు ఇదే అసలు అడ్డంకి. అందుచేత దీనిని ఏకపంటగా కాక, పాక్షిక నీడను తట్టుకొనే లక్షణం దృష్ట్యా తోటల అంచులలో, కంచెల వెంట వేసి చూడడం సబబు. ఆమదాలవలస, రస్తాకుంటుబాయి కృషి విజ్ఞాన కేంద్రాలు రైతు పొలాలలో పరీక్షించదగిన అంశమిది. అడవిలో సేకరించేవారు గింజ ఎగిరిపోయిన తరువాతనే తవ్వి, వేరులో కొంత భాగాన్ని మట్టిలోనే వదలి గుంత పూడ్చాలి. కొనుగోలు కేంద్రంలో బరువుతో పాటు బెరడు వాసనకు కూడా ధర కట్టినప్పుడే లేత వేళ్లను తవ్వే తొందర తగ్గుతుంది.