శ్రీశైలానికి తూర్పు ద్వారం.. త్రిపురాంతకం కొండకు అంత ప్రాముఖ్యత ఎందుకు?

శ్రీశైల మల్లన్న దగ్గరకు ఇప్పుడు బస్సులో నేరుగా వెళ్లిపోతున్నాం. కానీ ఒకప్పుడు అలా కాదు. నల్లమల అడవిలోకి అడుగుపెట్టే ముందు భక్తులు ఒక ద్వార క్షేత్రంలో ఆగి, అక్కడి శివుడికి మొక్కి ముందుకు సాగేవారు. అలాంటి ప్రధాన ద్వారాలు నాలుగు. దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. తూర్పున ఉన్నదే త్రిపురాంతకం. మార్కాపురం, వినుకొండ మధ్య ఉన్న ఈ ఊరి కొండ మీద ఒక పురాణం ఉంది, ఒక యుద్ధం కథ కూడా ఉంది.

పేరు ఎలా వచ్చింది?

తారకాసురుడి ముగ్గురు కొడుకులు బంగారం, వెండి, ఇనుముతో మూడు పురాలు కట్టుకుని లోకాలను పీడించారు. ఆ మూడూ ఒకే వరుసలోకి వచ్చిన క్షణంలో, ఒకే బాణంతో కొడితే తప్ప నాశనం కావు. అది వాళ్లు పొందిన వరం. అప్పుడు భూమి రథమైంది, సూర్యచంద్రులు చక్రాలయ్యారు, మేరు పర్వతం విల్లు అయింది, విష్ణువే బాణమయ్యాడు. శివుడు మూడు పురాలనూ ఒక్క దెబ్బకు కూల్చింది ఇక్కడేనని స్థల పురాణం. అందుకే స్వామికి త్రిపురాంతకేశ్వరుడని పేరు. కుమారస్వామి తపస్సు చేసిన చోటు కాబట్టి కొండను కుమారగిరి అంటారు.

కొండపై అయ్యవారు, చెరువులో అమ్మవారు

ఇక్కడ రెండు ఆలయాలు చూడాలి. స్వామి కొండపైన ఉంటే, బాలా త్రిపురసుందరీ దేవి ఆలయం కింద చెరువులో ఉంది. శివుడికి యుద్ధంలో సాయంగా అమ్మవారు చిదగ్నికుండం నుంచి వచ్చిందని భక్తుల నమ్మకం. స్వామి ఆలయాన్ని శ్రీచక్రం ఆకారంలో కట్టారని చెబుతారు. కొండ మీద నుంచి శ్రీశైలానికి బిలమార్గం ఉందన్న మాట కూడా ఈ ప్రాంతంలో తరతరాలుగా వినిపిస్తోంది. శివరాత్రికి స్వామి దగ్గర, దసరాకు అమ్మవారి దగ్గర సందడి ఎక్కువ.

రాజులు ఈ కొండ కోసం ఎందుకు పోటీ పడ్డారు?

ఇక పురాణం పక్కన పెట్టి చరిత్రలోకి వద్దాం. కాకతీయుల కాలంలో ఇది పెద్ద శైవ కేంద్రం. ఆ రోజుల్లో పేరున్న గోళకీ మఠానికి ఇక్కడ శాఖ ఉండేది. ఈ మఠం అంటే పూజలే కాదు. గుంటూరు ప్రాంతంలోని మల్కాపురంలో 1261 నాటి శాసనం చూస్తే, అదే మఠం గురువు విశ్వేశ్వర శివాచార్యులు విద్యాలయంతో పాటు ఆరోగ్యశాల, ప్రసూతిశాల కూడా నడిపించారని తెలుస్తుంది. అంటే గుడి ఎవరి చేతిలో ఉంటే జనం, దానాలు, దారి వాళ్ల వైపు ఉన్నట్టే.

1289 నవంబర్ నాటి చందుపట్ల శాసనం రాణి రుద్రమదేవి మరణాన్ని చెబుతోంది. తిరుగుబాటు చేసిన కాయస్థ అంబదేవుడితో పోరులోనే ఆమె చనిపోయిందని చరిత్రకారులు భావిస్తారు. ఆ మరుసటి ఏడాది, 1290లో, అంబదేవుడు తన విజయాలను రాతి మీద చెక్కించాడు. ఎక్కడ? ఇదే త్రిపురాంతకంలో. ఆంధ్ర రాజులందరినీ గెలిచానని అందులో చాటుకున్నాడు.

ఆ గర్వం ఎక్కువ కాలం నిలవలేదు. రుద్రమ మనవడు ప్రతాపరుద్రుడి సైన్యం త్రిపురాంతకం మీదికి వచ్చింది. 1291లో ఇందులూరి అన్నలదేవుడి శాసనం ఇక్కడ కనిపిస్తుంది. అంబదేవుడు దక్షిణానికి వెనక్కి తగ్గాడు. ఒకే గుడి, ఏడాది తేడా, రెండు పక్షాల రాతలు. కొండ ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారిందో ఆ రాళ్లే చెబుతున్నాయి.

రాళ్లే సాక్ష్యం

ఈ కథ మనకు తెలిసింది శాసనాల వల్లే. వాటి మీద సున్నం వేసినా, రంగు పూసినా, కొబ్బరికాయ కొట్టినా అక్షరం అరిగిపోతుంది. ఒకసారి పోయిన అక్షరం మళ్లీ రాదు. ఈసారి శ్రీశైలం వెళ్లేటప్పుడు త్రిపురాంతకంలో ఓ గంట ఆగండి. స్వామిని, అమ్మవారిని దర్శించుకుని, ఆ రాళ్ల వైపు కూడా ఒకసారి చూడండి. చేత్తో రుద్దకుండా, చూసి రండి చాలు.