నిప్పు తగిలితే మెరుపు మాయం.. పాత లారీ బంపర్ సొట్ట తీసే తీరు

అమ్రాబాద్: హైదరాబాద్-శ్రీశైలం జాతీయ రహదారిపై మన్ననూరు దాటితే దారంతా నల్లమల అడవే. దోమలపెంట తర్వాత కృష్ణానదికి దిగే ఘాట్‌లో మలుపు వెంట మలుపు. ఎదురొచ్చే బస్సుకు దారి ఇవ్వబోయి పక్కగోడకు రాసుకున్నా, ముందు బండి ఉన్నట్టుండి ఆగినా తొలి దెబ్బ తినేది బంపరే. రాత్రి 9 నుంచి ఉదయం 6 గంటల వరకు అడవి దారిలో రాకపోకలకు అనుమతి లేనందున డ్రైవర్లకు తొందర సహజం. ఆ తొందరలో సొట్టను గ్యాస్ మంటతో కాల్చి, సుత్తితో బాది సరిచేయించి బయలుదేరుతుంటారు. రంగు వేసిన బంపర్‌కు అది చెల్లుతుంది. క్రోమ్ పూత ఉన్నదానికి మాత్రం అసలుకే ఎసరు.

మన దేశంలో తయారైన లారీలకు ఎక్కువగా ఉండేవి రంగు వేసిన ఉక్కు బంపర్లే. క్రోమ్ మెరుపు పాత దిగుమతి లారీలకు, అంబాసిడర్ వంటి కార్లకు, యజమానులు ముచ్చటపడి పూత వేయించుకున్న బండ్లకు కనిపిస్తుంది. అంబాసిడర్ తయారీ 2014లోనే నిలిచిపోయింది. ఇటువంటి వాహనాలకు కొత్త బంపర్ దొరకడం కష్టం కనుక ఉన్నదాన్ని కాపాడుకోవడమే మార్గం.

క్రోమ్ పూత ఒకే పొర కాదు. ఉక్కుపై సాధారణంగా రాగి, దానిపై నికెలు, అన్నిటికంటే పైన క్రోమియం ఉంటాయి. పైపొర మందం మైక్రాన్‌లో సగం కూడా ఉండకపోవచ్చు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లని గుర్తుంచుకుంటే అది ఎంత పలుచనో అర్థమవుతుంది. నిజానికి తుప్పును అడ్డుకునేది నికెలు. క్రోమియం ఇచ్చేది నీలి ఛాయ గల మెరుపు, గీతలు పడని గట్టిదనం.

ముందు చూడవలసింది బ్రాకెట్లు

చాలామంది సొట్టనే చూస్తారు. అయితే బంపర్‌ను ఛాసిస్‌కు పట్టి ఉంచే బ్రాకెట్లు వంగాయా, ఛాసిస్ కొన పక్కకు జరిగిందా అన్నదే అసలు ప్రశ్న. రెండు వైపులా కొలతలు తీసి సరిచూడాలి. బ్రాకెట్ వంకరను వదిలేసి బంపర్‌ను మాత్రమే సరిచేస్తే, బిగించేటప్పుడు అది మళ్లీ మెలి తిరుగుతుంది. తుప్పుపట్టిన బోల్టులను బలవంతంగా తిప్పకుండా ముందురోజే కిరోసిన్‌తో నానబెట్టడం మంచిది.

విప్పిన బంపర్‌ను ఇసుక బస్తాపైనో, పాత టైరుపైనో మెరిసే వైపు కిందకు వచ్చేలా బోర్లించాలి. దెబ్బలు ఎప్పుడూ వెనుక వైపు నుంచే వేయాలి. ముందు మధ్య గుంతపై కొట్టడం సాధారణంగా జరిగే పొరపాటు. సొట్ట పడినప్పుడు చివరగా ఏర్పడినవి దాని అంచులు. కనుక అంచుల నుంచి మొదలుపెట్టి చెక్క సుత్తితో చిన్న చిన్న దెబ్బలతో మధ్యకు రావాలి. ఒక్కచోటే గట్టిగా బాదితే లోహం సాగిపోయి పొంగు మిగులుతుంది. పొడవాటి వంపు అయితే చెక్క దిమ్మెల మధ్య పెట్టి హైడ్రాలిక్ జాకీతో నెమ్మదిగా నొక్కవచ్చు. ఉక్కు కొంత వెనక్కి వస్తుంది కాబట్టి కావలసినదానికంటే కాస్త ఎక్కువే నొక్కవలసి ఉంటుంది. బంపర్‌కు గొలుసు వేసి చెట్టుకు కట్టి లాగే మొరటు పద్ధతి కూడా ఉంది. అందులో బంపర్‌తోపాటు చెట్టుకూ గాయమే.

మంట పెడితే పూత పసుపు, నీలం రంగులకు తిరుగుతుంది. ఉక్కు, నికెలు, క్రోమియం వేడికి ఒకేలా వ్యాకోచించవు కనుక పూత పగిలి పొరలుగా ఊడుతుంది. క్రోమ్ పూతపై వెల్డింగ్ చేసినప్పుడు వెలువడే పొగలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కారణమయ్యే హెక్సావాలెంట్ క్రోమియం ఉండే అవకాశం ఉంది. మాస్కు లేకుండా ఆ పని చేసే వెల్డర్‌కు నష్టం పూతతో ఆగదు.

పుట్టీ పనికిరాదు

చల్లగానే సరిచేసినా గట్టిగా మడతపడిన చోట పూతలో సన్నని పగుళ్లు కనిపిస్తాయి. అక్కడ తుప్పు ఆగాలంటే మళ్లీ పూత వేయించాల్సిందే. పుట్టీతో గుంత పూడిస్తే కుదరదు. పూత విద్యుత్తుతో పట్టేది. పుట్టీలో విద్యుత్తు ప్రవహించదు. చిన్న గుంతలను రాగితో నింపి సానపట్టిన తర్వాతే నికెలు, క్రోమియం వేస్తారు. బజారులో దొరికే క్రోమ్ స్ప్రే కేవలం రంగు మాత్రమే.

పాత పూత తొలగించే పని షెడ్డులో చేయదగినది కాదు. ఆ రసాయన వ్యర్థాలు నేలలోకి, వాగులోకి పోతే ఈ ప్రాంతంలో డిండి వాగుకో, కృష్ణకో చేరతాయి. క్రోమియం ట్రయాక్సైడ్‌ను ప్రత్యేక అనుమతి లేకుండా వాడటాన్ని ఐరోపా సమాఖ్య 2017 నుంచి నిషేధించింది. వ్యర్థజలాన్ని శుద్ధి చేసే అనుమతి పొందిన యూనిట్‌కే పని అప్పగించాలి. రోజూ సరకు మోసే లారీకైతే ఇంత ఖర్చు దండగే. నున్నగా సరిచేసి ప్రైమర్, రంగు వేయించడం మేలు.

పైపైన పట్టిన తుప్పుకు ఇసుక కాగితం వాడరాదు. నీటిలో తడిపి నలిపిన అల్యూమినియం రేకుతో రుద్దితే చాలు. క్రోమియం కంటే అది మెత్తన కాబట్టి గీతలు పడవు. తర్వాత ఆరబెట్టి మైనం పూయాలి.

బంపర్‌కు రక్షణగా ముందు ఇనుప క్రాష్ గార్డు బిగించుకునే అలవాటు ఒకటుంది. వాటిని తొలగించాలని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులో రాష్ట్రాలకు సూచించింది. గుద్దుకున్నప్పుడు ఆ దెబ్బ నేరుగా ఛాసిస్‌కు చేరుతుంది, పాదచారులకు గాయాలు తీవ్రమవుతాయి. 8 ఏళ్లు దాటిన రవాణా వాహనానికి ఏటా ఫిట్‌నెస్ తనిఖీ తప్పనిసరి. గార్డు ఉంటే తీసివేసి, పదునుగా బయటకు పొడుచుకొచ్చిన అంచులను నున్నగా చేయించిన తర్వాతే బండిని అక్కడికి తీసుకెళ్లాలి.