అనువాద కథ.. చెప్పే తీరులోనే పట్టు
నోరు తిరగని పేర్లను దాటిస్తే విదేశీ కథా మన ఊరి కథే

విదేశీ కథను తెలుగులో బోధించే ఉపాధ్యాయునికి తొలి అవరోధం పేర్లు. నోరు తిరగని పేరు రెండుసార్లు వినగానే పిల్లల దృష్టి మరలుతుంది. అప్పుడు సారాంశం చెప్పి, జవాబులు రాయించి ముగించడం సులువు. కానీ కథలోని జీవం విద్యార్థికి అందకుండా పోయేది అక్కడే.

కిర్గిజ్ రచయిత చింగీజ్ ఐత్‌మాతోవ్ 1962లో వెలువరించిన 'తొలి ఉపాధ్యాయుడు' ఇందుకు చక్కని ఉదాహరణ. ఈ పుస్తకం తెలుగులోనూ వచ్చింది. 1924లో ఓ మారుమూల పల్లెకు చేరిన దుయిషేన్ చదువు అంతంతమాత్రమే. అయినా పాడుబడిన గుర్రపుశాలను బాగుచేసి బడి తెరుస్తాడు. చలికాలంలో పిల్లలను మోసి వాగు దాటిస్తాడు. అనాథ బాలిక అల్తినాయ్‌ని బలవంతపు పెళ్లి నుంచి విడిపించి పట్నానికి చదువుకు పంపుతాడు.

పాఠానికి ముందు..

కిర్గిజ్‌స్థాన్ ఎక్కడుందో పటంలో చూపాలి. ముఖ్యమైన పేర్లను నల్లబల్లపై రాసి అందరిచేత పలికించాలి. అటుపై కథను పైకి చదివి వినిపించాలి. బడికి అడ్డొచ్చే వాగు, చదువు మాన్పించే పెళ్లి మన పల్లెలకు కొత్త కావు. ఆ పోలికను పిల్లలే గుర్తిస్తారు. అయితే చర్చ కథలోని బాలిక చుట్టూనే సాగాలి. తరగతిలోని ఏ బాలిక ఇంటి సంగతీ నలుగురిలో అడగరాదు.

మాట మారితే..

ఈ కథలో గుట్టపై రెండు పోప్లార్ చెట్లుంటాయి. నిటారుగా పెరిగే ఆ చెట్టుకు తెలుగునాట వాడుక పేరు లేదు. దానిని 'రావిచెట్టు' అంటే ఏం పోతుంది? పోప్లార్ అనే ఉంచితే ఏం మిగులుతుంది? ఈ ప్రశ్నతో అనువాదకుని కష్టం పిల్లలకు బోధపడుతుంది. జపాన్ రచయిత్రి తెత్సుకో కురొయానాగి పుస్తకం 'రైలుబడి'లో ప్రధానోపాధ్యాయుడు కొబయాషి మధ్యాహ్న భోజనంలో కడలి నుంచి ఒకటి, కొండ నుంచి ఒకటి తెమ్మంటారు. సముద్రం చూడని జిల్లాలోని విద్యార్థి తన క్యారియర్‌లో ఏం తెస్తాడో రాయమంటే అదే మంచి అభ్యాసం.

రచయిత పేరు పక్కన అనువాదకుని పేరూ నల్లబల్లకెక్కాలి. అలెక్స్ హేలీ 'రూట్స్'ను 'ఏడు తరాలు'గా తెలుగువారికి అందించింది సహవాసి. ఆ కలమే లేకుంటే ఇంగ్లిషు రాని పాఠకునికి కుంటా కింటే కథ తెలిసేది కాదు. పరీక్షలో మార్కులు తేకున్నా, ఈ ఎరుక పిల్లలను మరో పుస్తకం వైపు నడిపిస్తుంది.