స్విచ్ కమాండ్లు బట్టీ పట్టాలా?

మారండహళ్ళి నుంచి హోసూరు, బెంగళూరు దారి పట్టి నెట్‌వర్కింగ్ కోర్సుల్లో చేరే మన పిల్లల్ని మొదట భయపెట్టేది స్విచ్ తాలూకు ఆ నల్లటి తెర. బొమ్మలుండవు, బటన్లుండవు. భయంతో పాటు కొన్ని అపోహలూ అంటుకుంటాయి. సిస్కో స్విచ్‌ల సంగతే చెబుతాను, నేర్పించేది ఎక్కువగా వాటి మీదే.

అపోహ: కమాండ్లన్నీ కంఠతా రావాలి.
వాస్తవం: అక్కర్లేదు. ‘షో’ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి ప్రశ్నార్థకం నొక్కితే ఆ తర్వాత ఏమేం రావచ్చో స్విచ్చే వరసగా చూపిస్తుంది. ఖాళీ వదలకుండా నొక్కితే ఆ అక్షరాలతో మొదలయ్యే మాటలే వస్తాయి. ఈ తేడా తెలియకే చాలామంది విసుక్కుంటారు. సగం కొట్టిన మాటను ట్యాబ్ పూర్తి చేస్తుంది. ‘కాన్ఫిగర్ టెర్మినల్’కు ‘కాన్ఫ్ టీ’ చాలు. మరీ పిసినారితనంగా సి, ఓ, ఎన్ మాత్రమే కొడితే ‘కనెక్ట్’ కూడా అలాగే మొదలవుతుంది కనుక ఏదో తేల్చుకోలేనంటుంది.

అపోహ: టైపింగ్ వేగం ఉన్నవాడే మొనగాడు.
వాస్తవం: 24 పోర్టులకు ఒకే మార్పు చేయాలంటే 24 సార్లు కొట్టేవాడి వేగం ఎందుకు? ‘ఇంటర్‌ఫేస్ రేంజ్’ అని ఒక్కసారి చెబితే సరి. కాన్ఫిగ్‌లో ఉండగా ‘షో’ కావలిస్తే బయటికి రానక్కర్లేదు, ముందు ‘డూ’ చేర్చండి.

అపోహ: మాట తప్పు కొడితే స్విచ్ హ్యాంగ్ అవుతుంది.
వాస్తవం: తెలియని మాట ఏదో యంత్రం పేరనుకుని డీఎన్‌ఎస్‌లో వెతుకుతోంది, అంతే. కంట్రోల్, షిఫ్ట్, 6 కలిపి నొక్కితే ఆగుతుంది. ‘నో ఐపీ డొమైన్ లుకప్’ పెడితే ఆ బెడదే ఉండదు.

అపోహ: ట్రంకులో ‘అలోడ్ విలాన్ 30’ అంటే 30 కొత్తగా చేరుతుంది.
వాస్తవం: కొంపలు ముంచే అపోహ ఇదే. ట్రంకు అనే ఆ లింకు మీద అనుమతి ఉన్న విలాన్‌లు (స్విచ్‌లో విడదీసిన నెట్‌వర్కులు) 10, 20 అనుకోండి. ‘యాడ్’ అనే మాట లేకుండా 30 అని కొడితే అవి రెండూ పోయి 30 ఒక్కటే మిగులుతుంది. స్విచ్ హెచ్చరించదు, చెప్పిందే చేసింది కదా! మీరు లాగిన్ అయిన దారి 10లోంచే వస్తుంటే మీరూ బయటే. బెంగళూరులో కూర్చుని ఊళ్ళోని స్విచ్ మీద ఈ పని చేస్తే కన్సోల్ కేబులు పట్టుకుని ఎవరో ఒకరు బయల్దేరాల్సిందే.

అపోహ: ఎంటర్ కొడితే సేవ్ అయినట్టే.
వాస్తవం: మార్పు వెంటనే అమల్లోకి వస్తుంది, కానీ ఉండేది ర్యామ్‌లోనే. ‘రైట్’ కొట్టేలోపు కరెంటు పోతే అదీ పోతుంది. ఈ లోపాన్నే రక్షణగా వాడుకోవచ్చు. పాత కాన్ఫిగ్ సేవ్ చేసి, ‘రీలోడ్ ఇన్ 10’ కొట్టి, తర్వాత మార్పు చేయండి. దారి మూసుకుపోతే పది నిమిషాల్లో స్విచ్ తనంతట తానే రీబూటై పాత కాన్ఫిగ్‌తో లేస్తుంది. అంతా బాగుంటే ‘రీలోడ్ క్యాన్సిల్’, ఆపై సేవ్. జునిపర్ కంపెనీ స్విచ్‌లలో ‘కమిట్ కన్ఫర్మ్డ్’ రీబూట్ లేకుండానే ఇదే పని చేస్తుంది.

రీబూటయ్యే కొన్ని నిమిషాలు ఆ స్విచ్ కింద అందరికీ నెట్ ఆగుతుంది. కాబట్టి ఈ పనులు ఆఫీసు వేళల్లో పెట్టుకోకండి.