‘ఆదిత్య 369’ చిత్రమునందలి దేశకాలవిచారము

సింగీతము శ్రీనివాసరావుగారి ‘ఆదిత్య 369’ చలనచిత్రము 1991 లో వెలువడినది. అందు నాయకుఁడు కాలయంత్రమున 1526 వ సంవత్సరమునకుఁ బోయి శ్రీకృష్ణదేవరాయల సభను, పిదప 2504 వ సంవత్సరమును జూచును. కల్పన దోషము గాదు. కాని బాలురు రాయల సభను గ్రంథములకంటె ముందు చిత్రములందే చూచుచున్నారు గనుక, ఇందలి సంఖ్యలను బరిశీలింపక తప్పదు.

యంత్రము కాలమునందే చరించునదైనచో, హైదరాబాదు ప్రాంతమున బయలుదేఱినది అచ్చటనే నిలువవలయును. 1526 నాఁటికి ఆ నగరమే లేదు. అది 1591 లోఁ బుట్టినది. గోలకొండను సుల్తాన్ కులీ యేలుచుండెను. మొయినాబాదు, చేవెళ్ల వైపునకుఁ బోయినను 1920 లో ముగిసిన ఉస్మాన్ సాగరము గాని, 1927 నాఁటి హిమాయత్ సాగరము గాని కానరావు. మూసీ, ఈసీలు అడ్డులేక పాఱుచుండును. రాయల విజయనగరము అచ్చటికి నూటయెనుబది మైళ్లకుఁ బైని దూరము. 1895 లో వెల్సు వ్రాసిన కాలయంత్రకథలో ఈ లెక్క తప్పలేదు. భవిష్యత్తున యంత్రమును కొందఱు కొంత దూరము ఈడ్చుకొనిపోఁగా, తిరిగివచ్చునప్పుడు అది ప్రయోగశాలలో ఆ మేరకే జరిగి రెండవ మూలను నిలిచినది. మన కథకు అంతటి జాగ్రత్త లేదు.

ఇంతకంటె గొప్ప చిక్కు సంవత్సరమునందున్నది. 1526 అనఁగా శాలివాహన శకము 1448, వ్యయ. 1524 నాఁటి శాసనములందు రాయల కుమారుఁడు తిరుమలరాయని పేరు గలదు. రాజు ఆఱేండ్ల కుమారునకుఁ బట్టముగట్టెననియు, ఆ బాలుఁడు మరణింపఁగా తిమ్మరుసును శంకించి చెఱఁబెట్టించి కన్నులు దీయించెననియు పోర్చుగీసు వర్తకుఁడు న్యూనిజు వ్రాసెను. అతని మాట యంతయుఁ బ్రమాణమని నా యభిప్రాయము గాదు. అయినను పుత్రశోకము నాఁటి సభకు నృత్యవినోదము లంతగా నొప్పవు. రాయచూరు విజయము 1520 లోనిది. కథను 1521 నకు జరిపియుండినచో ఉత్సవమునకుఁ గారణము గూడ దొరకియుండును.

తెనాలి రామకృష్ణుఁడు ఆ సభలోఁ గానవచ్చుట లోకప్రతీతిని బట్టి. పాండురంగమాహాత్మ్యము విరూరి వేదాద్రికిఁ గృతి, రాయలకుఁ గాదు. కవి రాయల తరువాతివాఁడని పలువురు విమర్శకుల మతము. దీనికై చిత్రకర్తను దూఱఁజాలము. మన పాఠశాలలలోని కథలును అదియే చెప్పుచున్నవి.

2504 నాఁటి సంగతి అప్పటివారు చూచుకొందురు.