అడవి అంచున ఒక బడి

మేము సెలవులకు ఊరికి వచ్చినప్పుడల్లా బంధువులు, సంఘస్థులు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకే విధంగా ఉంటాయి. “ఆ అడవిలో ఏం తింటారు? దోమలతో ఎలా వేగుతున్నారు? జీతం లేకుండా ఎన్నాళ్ళుంటారు? భాష తెలియని పిల్లలకు చదువెలా చెబుతారు?” మొదటి మూడింటికి వారం రోజుల్లో జవాబు దొరుకుతుంది. నాలుగోదానికి మాత్రం ఏళ్ళు పడుతుంది. దానికి మాకు తెలిసినంతలో జవాబు చెప్పడానికే ఈ వ్యాసం.

మేము నలుగురం. అందరమూ డెల్టా పల్లెల్లో పుట్టి పెరిగినవాళ్ళం. ఇద్దరు పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయ దంపతులు, ఇద్దరు డిగ్రీ పూర్తిచేసిన యువకులు. భద్రాచలం నుండి చర్ల వెళ్ళే దారిలో, తారు రోడ్డు వదిలి రెండు వాగులు దాటి నడిస్తే వచ్చే ఒక గూడెంలో చదువు చెబుతున్నాం. గూడెం పేరు వ్రాయడం లేదు. అక్కడివారికి ప్రచారం కంటే ప్రశాంతత అవసరం.

ఇంటి పక్కనే పరదేశం

ఖమ్మం వైపు నుండి వెళ్ళేవారు 1965లో ప్రారంభమైన గోదావరి వంతెన మీదుగా భద్రాచలం చేరతారు. ఈ సీమ సరిహద్దులు ఎన్నోసార్లు మారాయి. 1874 వరకు సెంట్రల్ ప్రావిన్సెస్‌లోను, తరువాత మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలోను ఉండేది. 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది. 2014లో చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళాయి. 2016 అక్టోబరులో ఈ వైపున భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. కాగితం మీద గీతలు ఎన్ని మారినా అడవి ఒక్కటే. దానిలో తరతరాలుగా వినబడుతున్న మాట కోయ మాట.

మా గూడెంవారు ఇదే అడవిలో ఎగువనున్న ఛత్తీస్‌గఢ్ నుండి వచ్చారు. అప్పటి దంతెవాడ జిల్లాలో 2005లో సల్వా జుడుం మొదలయ్యాక, దానికీ మావోయిస్టులకూ మధ్య నలిగి వేలాది కుటుంబాలు ఇళ్ళు వదిలి ఖమ్మం, వరంగల్ అడవులకు చేరాయి. ఇక్కడివారు వీరిని గుత్తికోయలు అంటారు. సరిహద్దు దాటి వచ్చినందువల్ల వీరికి ఇక్కడ గిరిజన ధ్రువపత్రం దొరకడం కష్టం. ఇల్లు వేసుకున్నది అటవీ భూమి కనుక రోడ్డు, కరెంటు, బడి కూడా అంత సులువుగా రావు.

వారి మాట మాకు తెలియదు, మన మాట వారికి తెలియదు. ఈ నేల ఇద్దరికీ కొత్తదే. ఆ గూడెంలో వలస రానివారు ఎవరూ లేరు.

దుమ్ముగూడెం నేర్పే పాఠం

ఈ దారిన మాకంటే ఎంతో ముందు వచ్చినవారున్నారు. కాటన్ దొరగారి సహచరుడైన కెప్టెన్ హేగ్ అనే ఇంజనీరు, ఎగువ గోదావరిలో పడవల దారి ఏర్పరచే పనిమీద దుమ్ముగూడెంలో ఉండేవారు. ఆయన ప్రోద్బలంతో 1860 ప్రాంతంలో చర్చి మిషనరీ సొసైటీవారి కోయ మిషను అక్కడ మొదలైంది. పడవల పథకాన్ని ప్రభుత్వం 1871లో విరమించుకుంది. మిషను మాత్రం నిలిచింది.

అక్కడ చాలాకాలం పనిచేసిన రెవరెండ్ జాన్ కెయిన్ గారు కోయల మాటను, పండుగలను, ఆచారాలను విని వ్రాసిపెట్టారు. భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి ఆయన వ్యాసాలు 1876 నుండి ‘ఇండియన్ ఆంటిక్వరీ’ పత్రికలో వచ్చాయి. 1909లో థర్‌స్టన్ దొర దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వెలువరించినప్పుడు కోయల భాగంలో ఆ వ్రాతలనే విరివిగా వాడుకున్నారు. ఆ కాలపు దొరల చూపు వాటిలో ఉన్నప్పటికీ, ముందు విని తరువాత మాట్లాడాలన్న పద్ధతి మాత్రం నేటికీ పనికివస్తుంది.

మన దోర్నకల్లు బిషప్ అజరయ్య గారి సంగతి చాలామందికి తెలిసిందే. తిరునల్వేలి ప్రాంతపు క్రైస్తవులు 1903లో భారత మిషనరీ సంఘాన్ని స్థాపించి తెలుగు దేశానికి పనివారిని పంపారు. అజరయ్య గారు స్వయంగా 1909లో నిజాం రాజ్యంలోని దోర్నకల్లుకు వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. తమిళునికి తెలుగు పల్లె ఆ రోజుల్లో పరదేశమే. ముందు ఆ పల్లెవారి మాట వచ్చింది, పెద్ద పదవి ఆ తరువాత వచ్చింది.

మా దినచర్య

కోడికూతకు లేస్తాం. వాగు ఇసుకలో తీసిన చెలమ నుండి నీళ్ళు తెచ్చి, గుడ్డతో వడకట్టి, కాచి చల్లార్చుకుంటాం. పొద్దున అంబలి, మధ్యాహ్నం అన్నం పప్పు. బియ్యం, పప్పు మా సంఘాలు పంపుతాయి. కాకర, గుమ్మడి, వానాకాలంలో వెదురు కొమ్ములు గూడెంవారు తెచ్చి ఇస్తారు. ఉప్పు, నూనె, ఎండుచేపలు వారానికోసారి సంతలో కొనుక్కుంటాం.

బడి అంటే వెదురు తడికెల గోడలు, పైన తాటాకు కప్పు. చెట్టుకు కట్టిన పాత నాగలి కర్రును కొడితే అదే గంట. ముప్పై మందికి పైగా పిల్లలు వస్తారు. వారిలో సగం మంది చంకన చెల్లెలో తమ్ముడో ఉంటారు. మొదట్లో ఒక తల్లి మమ్మల్ని అడిగింది: “పిల్ల బడికొస్తే చిన్నదాన్ని ఎవరు ఎత్తుకుంటారు సారూ?” అందుకని పసిపిల్లలను కూడా బడికి తెమ్మన్నాం. దంపతులలో అమ్మగారు ఒక మూల ఉయ్యాల కట్టి వారిని చూసుకుంటారు. ఉయ్యాల వచ్చిన తరువాతే ఆడపిల్లల హాజరు నిలకడగా ఉంది.

సాయంత్రం మా బడి మొదలవుతుంది. ఇంటింటికీ వెళ్ళి పెద్దల దగ్గర కూర్చుంటాం. మా నోటుపుస్తకంలో రెండు వరుసలు ఉంటాయి. ఒకవైపు వారి మాట, రెండోవైపు మన మాట. మేము తప్పు పలికితే పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వుతారు. పొద్దుట మా ముందు నోరు విప్పని పిల్లవాడు సాయంత్రం మాకు గురువవుతాడు. మరునాడు వాడే బడిలో మొదటి వరుసలో కూర్చుంటాడు.

రాత్రి సోలార్ దీపం కింద మరుసటి రోజు పాఠం వ్రాసుకుని దోమతెరల్లో పడుకుంటాం. వానలు మొదలయ్యాక జ్వరం అంటే ముందు మలేరియా పరీక్షే. ఎవరికైనా జ్వరం ఎక్కువైతే మాలో ఒకరు తోడు నడిచి ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళతారు.

మరో మాట కూడా చెప్పాలి. మేము ప్రార్థన మా గుడిసెలో చేసుకుంటాం. బడిలో చదువు తప్ప మరొకటి చెప్పం. అన్నానికీ అక్షరానికీ బదులుగా ఆకలితో ఉన్నవారిని దేనినీ అడగకూడదు. గూడెం పెద్దలకు ఈ మాట మొదటి రోజే చెప్పాం. వారి విత్తనాల పండుగకు పిలిస్తే వెళ్ళి కూర్చుంటాం, మా క్రిస్మస్‌కు వారు వచ్చి కూర్చుంటారు.

మాట కలిస్తేనే పాఠం

కోయ మన తెలుగుకు చుట్టమే. ద్రావిడ భాషల్లో గోండికి దగ్గరిది. చుట్టరికం ఉన్నచోటే తికమక కూడా ఉంటుంది. తెలుగులో ‘ఏరు’ అంటే పారే ఏరు. కోయలో ‘ఏరు’ అంటే నీళ్ళు, కుండలో ఉన్నా సరే. వాచకంలో ఏటి బొమ్మ కింద ‘ఏరు’ అని చదివిన పిల్లవాడు “నీళ్ళు” అనుకుంటే అది వాడి మందబుద్ధి కాదు, వాడికి రెండు భాషలు ఉండడం. కోయలో ‘నన్న’ అంటే ‘నేను’. మనం ‘నాన్న’ అని వ్రాయిస్తే ఆ పిల్ల తన్నే పిలిచారనుకుంటుంది. ఇవి తెలియని ఉపాధ్యాయుడు ఆ పిల్లలను మొద్దులని తేల్చేస్తాడు. నాలుగైదుసార్లు ఆ మాట విన్న పిల్ల బడి మానేస్తుంది. బడి మానేసినవారి లెక్కలో ఆమె పేరు చేరుతుంది కాని, కారణం ఎక్కడా వ్రాసి ఉండదు.

తల్లిభాషలో ప్రాథమిక విద్య అందాలన్న మాట కొత్తది కాదు. 1956లో రాజ్యాంగానికి చేర్చిన 350-ఎ అధికరణం భాషాపరంగా అల్పసంఖ్యాకులైన వారి పిల్లలకు ఆ వసతి కల్పించమంటుంది. 2009 విద్యాహక్కు చట్టం కూడా సాధ్యమైనంతవరకు మాతృభాషలోనే బోధించమంది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కోయతో సహా ఎనిమిది భాషల్లో, తెలుగు లిపితోనే గిరిజన పిల్లలకు వాచకాలు తయారుచేసి కొన్ని బడుల్లో చదువు మొదలుపెట్టింది. దారి ఉంది. గుర్తింపు లేని గూడేల దాకా అది రావడమే కష్టంగా ఉంది.

అందుకే మేము ముందు కోయ మాటలనే తెలుగు అక్షరాలతో వ్రాయిస్తాం. తన నోట ఉన్న మాట పలక మీద కనబడగానే పిల్లవాడి ముఖం చూడాలి. ఆ తరువాత తెలుగు మాటలు, ఆపై వాచకం. ఆశ్రమ పాఠశాలలో చేరేనాటికి రెండు భాషలూ నాలుక మీద ఉండాలన్నదే మా ప్రయత్నం. ఇప్పటికి కొందరు చేరారు. చేరి తిరిగి వచ్చేసినవారూ ఉన్నారు. వారితో మళ్ళీ మొదలుపెడుతున్నాం.

పలక కంటే ముందు పొట్ట

బడికి అసలు పోటీ ఋతువులే. జనవరి నుండి మిర్చి కోతలు. ఖమ్మం చేలల్లో కూలి దొరుకుతుందని కుటుంబాలకు కుటుంబాలే వెళతాయి. మార్చిలో తెల్లవారకముందే ఇప్పపువ్వు ఏరడానికి పిల్లలు తల్లుల వెంట వెళ్ళాలి. వేసవిలో తునికాకు. వీటిని కాదని బడి నడపడం మా వల్ల కాదు, న్యాయమూ కాదు. ఇప్పపువ్వు రోజుల్లో బడి పొద్దెక్కాక మొదలవుతుంది. తునికాకు వచ్చినప్పుడు లెక్కల పాఠం ఆ కట్టలతోనే. కట్టకు 50 ఆకులు. వంద కట్టలకు ఎన్ని ఆకులు? పిల్లలకు ఎక్కం రాకపోయినా జవాబు వస్తుంది. ఆ జవాబును అంకెల్లో వ్రాయడం వస్తే, లెక్క వ్రాసే కల్లేదారు ముందు తండ్రి పక్కన నిలబడి కట్టలు సరిచూడగలరు. ఒక పదేళ్ళ పిల్ల పోయిన వేసవిలో అలాగే నిలబడింది. ఆ సంగతి గూడెమంతా చెప్పుకున్నారు. చదువు ఎందుకన్న ప్రశ్న ఆ తరువాత ఎవరూ మమ్మల్ని అడగలేదు.

జూలై, ఆగస్టుల్లో గోదావరి. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో నీరు 75.6 అడుగులకు చేరింది. 2022 జూలైలో 71.3 అడుగులు. నది పొంగితే వాగులు వెనక్కి తన్నుతాయి, దారులు తెగిపోతాయి. అందుచేత జూన్‌లోనే బియ్యం, కిరోసిన్, మందులు చేర్చుకుంటాం. ఆ రోజుల్లో మమ్మల్ని కాపాడేది గూడెంవారి తోడే. వాగు ఎప్పుడు దాటవచ్చో, ఎప్పుడు దాటరాదో వారు చెబుతారు. మేము వింటాం.

మేము వెళ్ళిపోయిన తరువాత

స్వచ్ఛంద ఉపాధ్యాయులు వస్తారు, వెళతారు. మాలో యువకులిద్దరికీ ఉద్యోగాలు, పెళ్ళిళ్ళు ఉన్నాయి. పెద్దవారిద్దరికీ మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి. మేము లేచిపోతే బడి లేచిపోతుందా? ఈ భయంతోనే గూడెంలో ఏడో తరగతి వరకు చదివిన ఒక అబ్బాయిని, ఐదు చదివిన ఒక అమ్మాయిని మా పక్కన నిలబెట్టుకున్నాం. ఇప్పుడు చిన్నతరగతి పాఠం వారే చెబుతారు. మేము రెండేళ్ళు కష్టపడి నేర్చుకున్న మాటలు వారికి ఉగ్గుపాలతో వచ్చాయి. ఆ అమ్మాయి పాఠం చెబుతుంటే పిల్లలు మా దగ్గరకంటే ఎక్కువ ప్రశ్నలు అడుగుతారు. అది చూసి మాకు సంతోషమే. సార్వత్రిక విద్యాపీఠం ద్వారా ఇద్దరినీ పదో తరగతి పరీక్షకు సిద్ధం చేస్తున్నాం. వారు గట్టెక్కితే బడి గట్టెక్కినట్లే.

ప్రియ పాఠకులారా, మీ సంఘాలలో యువతీ యువకులు ఇలాంటి సేవకు రావాలనుకుంటే కొన్ని మాటలు. ఒక వారం వచ్చి బట్టలు పంచి, ఫోటోలు తీసుకుని వెళ్ళడం వల్ల పిల్లలకు మిగిలేది తక్కువ. కనీసం ఒక ఏడాది ఉండగలిగినవారు రండి. రాకముందు గూడెం పెద్దల అనుమతి, అధికారుల ఎరుక ఉండాలి. రాలేనివారు పలకలు, దోమతెరలు పంపవచ్చు, ఒక గూడెం యువకుని చదువు ఖర్చు భరించవచ్చు. మీ ఊరి చేలకు మిర్చి కోతకు వచ్చే కుటుంబాలలో బడి ఈడు పిల్లలుంటే, ఆ రెండు నెలలు మీ ఊరి బడిలోనో, ఆలయపు వరండాలోనో వారిని కూర్చోబెట్టి పాఠం చెప్పించండి. అడవికి రాకుండానే చేయగల సేవ అది.

పెంతెకొస్తు దినాన ఎవరి భాషలో వారు విన్నారని మనం ఏటా సంతోషంగా చెప్పుకుంటాం. మిర్చి చేను గట్టు మీద కూర్చున్న ఆ పిల్లను ముందు “నీ మాటలో నీళ్ళను ఏమంటారమ్మా?” అని అడగండి. పాఠం అక్కడి నుండి మొదలవుతుంది.