ఉప్పు, ఎండ, లిథియం

మానసిక వైద్యంలో ఎండీ చేస్తున్న యువ డాక్టర్లకు మందుల చికిత్సను లిథియంతో మొదలుపెట్టి చెప్పడమే మేలని నా అభిప్రాయం. కొత్త మందుల జోరులో దీన్ని చివరికి నెట్టేస్తుంటారు.

1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ఉన్మాద స్థితిలో ఉన్న 10 మందికి లిథియం ఇచ్చి, వారు కుదుటపడిన తీరును ప్రచురించాడు. అదే ఏడాది అమెరికాలో ఉప్పుకు బదులుగా అమ్మిన లిథియం క్లోరైడ్ కొందరి ప్రాణాలు తీసింది. దాన్ని వాడినవారిలో చాలామంది ఉప్పు మానేసిన గుండె జబ్బు రోగులు. కారణం విద్యార్థుల చేతనే చెప్పించాలి. మూత్రపిండాలు లిథియాన్నీ సోడియాన్నీ దాదాపు ఒకే తీరున చూస్తాయి. ఒంట్లో సోడియం తగ్గితే దాన్ని నిలుపుకునే ప్రయత్నంలో లిథియాన్నీ వెనక్కి లాక్కుంటాయి.

దీర్ఘకాల చికిత్సలో రక్తంలో లిథియం సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండాలి. 1.5 దాటితే విషలక్షణాల భయం. చివరి మోతాదు వేసుకున్న 12 గంటలకు రక్తం తీయాలి. ఈ అంకెలు ఒక్క సాయంత్రంలో కంఠతా వస్తాయి. కష్టమైనది రోగిని అడగడం.

పరీక్షలో ఏ మందులు లిథియాన్ని పెంచుతాయో గుక్క తిప్పుకోకుండా చెప్పిన విద్యార్థి, ఓపీలో “ఇంకేమైనా మందులు వాడుతున్నారా?” అని ఊరుకుంటాడు. లేదంటారు. మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో కొనుక్కునే డైక్లోఫెనాక్ వారి లెక్కలో మందే కాదు. “ఒళ్లు నొప్పులకు ఏం వేసుకుంటారమ్మా?” అని అడిగితేనే అది బయటికొస్తుంది. బీపీ మాత్రలో హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసి ఉందేమో అట్ట చూడాలి. మే నెల ఎండలో పొలానికి వెళ్తారా, ఉపవాసాలున్నాయా, ఎవరైనా ఉప్పు తగ్గించమన్నారా? మన ప్రాంతంలో ఇవేవీ పక్క ప్రశ్నలు కావు.

ఇంటివాళ్లకు చెప్పే మాటలను కూడా గురువు ఎదుటే పలికించాలి. వేళ్లలో సన్నని వణుకు చాలామందిలో కనిపించేదే. తరువాతి విజిట్‌లో చెబితే చాలు. గ్లాసు పట్టుకోలేనంత వణుకు, తూలడం, మాట తడబడడం, వాంతులు, విరేచనాలు మొదలైతే ఆ పూట మాత్ర ఆపి, వెంటనే ఆసుపత్రికి వచ్చి రక్తపరీక్ష చేయించుకోవాలి.